పీఆర్సీని నమ్ముకుని ఇంటి లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: గుంటూరు జిల్లాలో ఒక మునిసిపాలిటీలో సీనియర్ అసిస్టెంట్‌ని. వయసు 46. కటింగులు పోను చేతికి 58 వేలు వస్తోంది. 35 లక్షల లోన్‌తో ఫ్లాట్ కొనాలనుకుంటున్నాం. పీఆర్సీ (వేతన సవరణ) వస్తే ఈఎంఐ భారం తగ్గుతుందని ఆశ. కానీ ఖజానా పరిస్థితి వింటుంటే టెన్షన్‌గా ఉంది. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: ఇల్లు కొనండి, కానీ పీఆర్సీని లెక్కలోంచి తీసేసి కొనండి.

8.5 శాతం వడ్డీకి 15 ఏళ్లలో తీర్చాలంటే 35 లక్షలకు నెలకు దాదాపు 34,500 కట్టాలి. మీ జీతంలో అది సుమారు 60 శాతం. పిల్లల చదువులున్న ఇంట్లో ఇది చాలా ఎక్కువ.

11వ పీఆర్సీ ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోండి. రావాల్సింది 2018 జులై 1 నుంచి. పెరిగిన స్కేలు జీతంలో పడింది 2022 జనవరి నుంచి. అప్పటికే 27 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) తీసుకుంటున్నవాళ్లకు 23 శాతం ఫిట్‌మెంట్ (కొత్త స్కేలులో బేసిక్ మీద ఇచ్చే పెంపు) ఇచ్చారు. బేసిక్ 30 వేలు ఉన్న ఉద్యోగికి ఐఆర్ 8,100 అయితే, ఫిట్‌మెంట్ 6,900. పైగా హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) శ్లాబులూ తగ్గించారు. పెండింగ్ డీఏలు (కరువు భత్యం) కలిపి ఇవ్వడంతో మొత్తం మీద జీతం పెరిగినట్టే కనిపించింది గానీ, ఉద్యోగులు దాన్ని రివర్స్ పీఆర్సీ అన్నారు. ఫిబ్రవరి 3న ‘చలో విజయవాడ’ పేరుతో ఉద్యోగుల నిరసన జరిగింది. రెండు రోజులకే మంత్రుల కమిటీ హెచ్‌ఆర్‌ఏను సవరించడానికి, ఎక్కువ ఇచ్చిన ఐఆర్‌ను తిరిగి రాబట్టడం మానుకోవడానికి ఒప్పుకుంది.

ఖజానాలో డబ్బు లేదని ప్రభుత్వం చెప్పడం తప్పు కాదు. పీఆర్సీ కమిషన్ నివేదికను సంఘాల చేతికివ్వకుండా జీవోలు ఇవ్వడమే తప్పు. లెక్కలు ముందే బల్ల మీద పెట్టి ఉంటే లక్షల కుటుంబాలకు ఆ ఆందోళన ఉండేది కాదని నా గట్టి అభిప్రాయం. మీ మునిసిపాలిటీలో ఇంటి పన్ను ఎంత బాగా వసూలైనా ఈ విషయంలో కమిషనర్ గారు చేయగలిగింది లేదు. స్కేళ్లు తేల్చేది రాష్ట్ర ఆర్థిక శాఖే.

12వ పీఆర్సీ గడువు తేదీ 2023 జులై 1. దాని గురించి ఏ వార్త చదివినా శాతం దగ్గర ఆగిపోకండి. జీవోలో నోషనల్ తేదీ (కాగితం మీద మాత్రమే పెంపు లెక్కించేది), మానిటరీ బెనిఫిట్ తేదీ (డబ్బు లెక్క మొదలయ్యేది), నగదు చేతికిచ్చే నెల విడివిడిగా ఉంటాయి. మీ ఈఎంఐకి పనికొచ్చేది మూడోదే.

లోన్ 25 లక్షలకు తగ్గించండి. ఈఎంఐ 24,600 దాకా వస్తుంది, అద్దె మిగులుతుంది కాబట్టి మోయగలరు. మిగతా పది లక్షలు సమకూరకపోతే చిన్న ఫ్లాట్ చూడండి, లేదా ఏడాది ఆగండి. జీతాలు ఒకటో తేదీ దాటి పడ్డ నెలలు మీరూ చూశారు. అందుకే మూడు నెలల ఈఎంఐకి సరిపడా డబ్బు వేరే ఖాతాలో ఉంచాకే రిజిస్ట్రేషన్‌కు వెళ్లండి. ఫ్లోటింగ్ రేటు (మారుతుండే వడ్డీ) లోన్ మాత్రమే తీసుకోండి. ముందుగా కట్టినా పెనాల్టీ ఉండదు కాబట్టి, అరియర్లు (పాత బకాయిలు) ఎప్పుడు చేతికొస్తే అప్పుడు నేరుగా అసలుకు జమ చేయొచ్చు.