కమీషన్ లేని యాప్ పెట్టబోయే అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

భీమవరంలో కమీషన్ తీసుకోని పెట్టుబడుల యాప్ మొదలుపెడతానని రాశావు. చాలా సంతోషం. ఆఫీసు అద్దెకు తీసుకునే ముందే ఒక లెక్క తేల్చుకో. కమీషన్ లేనప్పుడు నీ కుర్రాళ్లకు జీతాలు ఎవరి డబ్బుతో ఇస్తావు?

షేర్ల బ్రోకరు కంపెనీ జెరోధా 2015 డిసెంబరులో డెలివరీ షేర్ల (కొని ఖాతాలో ఉంచుకునేవి) మీద బ్రోకరేజీ, అంటే తన కమీషన్, తీసేసింది. అదే రోజు కొని అమ్మేసే ఇంట్రాడేకు, ముందు ముందు ధర ఎటు పోతుందో అని పందెంలా ఆడే ఫ్యూచర్స్, ఆప్షన్లకు మాత్రం ఆర్డరుకు గరిష్ఠంగా 20 రూపాయలు తీసుకుంది, ఆదాయంలో పెద్ద భాగం అక్కడిదే. గ్రో యాప్ కూడా ఏజెంటు కమీషన్ లేని డైరెక్ట్ మ్యూచువల్ ఫండ్లతో జనాన్ని పోగేసి, 2020లో షేర్లలోకి వచ్చింది.

నాకు భయం ఈ ఆప్షన్ల ఆదాయం గురించే. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది. మన రొయ్యల రైతుకు పట్టుబడి రోజున డబ్బంతా ఒక్కసారే చేతికొస్తుంది. యాప్ తెరవగానే ఆప్షన్లు కనబడితే, వచ్చే పంటకు సీడుకీ మేతకీ దాచినది అందులో పోతుంది. వద్దురా, ఆ వ్యాపారం పెట్టకు. ఏడాదికి ఇంత అని ఫీజు ముందే చెప్పి తీసుకో. సలహా కూడా ఇస్తానంటే సెబీ దగ్గర సలహాదారుగా నమోదు చేయించుకో.

ఇంకోటి, ఫండ్లలో నెలనెలా కట్టే సిప్ మనవాళ్లందరికీ కుదరదు. రొయ్యలకు మూడు నాలుగు నెలలకో పట్టుబడి, వరికి సార్వా, దాళ్వా, కోనసీమ వాళ్లకు కొబ్బరి దింపు. 5వ తేదీన ఖాతాలో డబ్బు లేక సిప్ తిరిగొస్తే బ్యాంకు జరిమానా వేస్తుంది, ఆ కోపం నీ యాప్ మీదే చూపిస్తారు. పంట డబ్బు రాగానే, తక్కువ రిస్కుతో ఉండి త్వరగా వెనక్కి తీసుకోగలిగే లిక్విడ్ ఫండ్‌లో వేయించి, అక్కడి నుంచి కొంచెం కొంచెంగా షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్‌లోకి మళ్లించే ఎస్‌టీపీని మొదటి పేజీలోనే పెట్టు. పెద్ద కంపెనీలకు మన పంటల క్యాలెండర్ పట్టదు, నీకు పడుతుంది. నువ్వు ఎదిగేది దానివల్లే.

షేర్లు కూడా పెడితే, "ఉచితం" అన్నచోటే డెలివరీ షేర్ల మీద ప్రభుత్వానికి పోయే ఎస్‌టీటీ పన్ను 0.1 శాతం, అమ్మేటప్పుడు డీమ్యాట్ ఖాతా మీద పడే డీపీ చార్జీ కూడా రాయి. తర్వాత తెలిస్తే మోసమే అనుకుంటారు.

మొదటి రెండేళ్ల రాబడి, ఖర్చు కాగితం మీద వేసి పంపు. ఆప్షన్ల ఆదాయం దగ్గర సున్నా వేసి లెక్క కట్టు.