ఇంప్లాంట్ వేసిన రోజే మొదలైన తిమ్మిరి: గడువు దాటిపోయిందా?

ప్రశ్న (పొడవైన ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం): నేను ఉపాధ్యాయురాలిని. కింది దవడలో కుడివైపు రెండు దంతాలు పోవడంతో రెండేళ్ల నాలుగు నెలల క్రితం ఇంప్లాంట్లు (కృత్రిమ దంతం కోసం దవడ ఎముకలో బిగించే టైటానియం మరలు) వేయించుకున్నాను. ఆ రోజు మత్తు దిగాక కూడా కింది పెదవి, గడ్డం కుడి సగం తిమ్మిరి వదల్లేదు. నేటికీ అంతే. నీళ్లు తాగుతుంటే పెదవి చివర నుంచి కారిపోయినా తెలియదు. పిల్లల ముందు మాట తడబడుతోంది. అడిగినప్పుడల్లా డాక్టరు గారు ‘నరం మెల్లగా కోలుకుంటుంది, ఏడాదిన్నర పట్టవచ్చు, కంగారు పడకండి’ అని వాట్సాప్‌లో జవాబిచ్చేవారు. పది నెలల క్రితం చివరిసారి వెళ్తే విటమిన్ మాత్రలు రాసి మళ్లీ రమ్మన్నారు. ఇటీవల మరో దంతవైద్యుడు దవడను అన్ని కోణాల్లో త్రీడీగా చూపే సీబీసీటీ స్కాన్ తీయించి, వెనుక ఇంప్లాంట్ మొన నరం వెళ్లే నాళంలోకి దిగిందని చెప్పారు. వెళ్లి నిలదీస్తే మొదటి డాక్టరు అందరి ముందూ అవమానించి పంపారు. ఆయనను జైలుకు పంపించగలనా? కేసు గడువు దాటిపోయిందని ఒకరన్నారు. మా బంధువు ఒకరు దంతవైద్యుడే. తిమ్మిరి ఏడాది క్రితమే మొదలైనట్లు పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ అవమానం గురించే ఉంది. దాన్ని పక్కన పెడుతున్నాను. ఆయన మర్యాదగా మాట్లాడి ఉన్నా మీ కేసు ఇలాగే ఉండేది. మీరు మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన వాట్సాప్ జవాబు మీదే ఈ కేసు నిలబడుతుంది, లేదా పడిపోతుంది. ఎందుకో చెబుతాను.

వైద్యసేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1995లో శాంత కేసులో తేల్చింది. దంతవైద్యానికీ ఇదే వర్తిస్తుంది. ప్రస్తుతం అమలులో ఉన్న 2019 చట్టం 69వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్లాలి. ఆ కారణం ఏ రోజు పుట్టింది? స్కాన్ తీసిన రోజునే అని మీరు అనుకుంటున్నారు. అవతలి వకీలు మాత్రం, తిమ్మిరి మొదలైన రోజే నష్టం మీకు తెలిసిపోయింది, అప్పటి నుంచి రెండేళ్లు ఎప్పుడో నిండిపోయాయి అంటాడు. ఈ వాదనలో బలం ఉంది.

2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన శ్రీఖండే కేసు చూడండి. 1993లో పిత్తాశయపు ఆపరేషన్ చేయించుకున్న ఒక నర్సుకు అప్పటి నుంచీ కడుపునొప్పి. 2002లో మరో ఆపరేషన్ చేస్తే లోపల గాజుగుడ్డ బయటపడింది. ఆమె 2004లో ఫిర్యాదు వేసింది. గుడ్డ ఉన్న సంగతి 2002 దాకా తెలియదన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. పైకి కనిపించే నష్టమైతే జరిగిన రోజు నుంచి, లోపల దాగి ఉన్న నష్టమైతే కాస్త శ్రద్ధ పెడితే తెలుసుకోగలిగిన రోజు నుంచి గడువు లెక్కించాలని చెప్పింది. అన్నేళ్లు నొప్పి భరిస్తూ ఆపరేషన్ చేసిన సర్జన్ని ఒక్కసారి కూడా ఎందుకు అడగలేదని ప్రశ్నించింది. ఆమె ఫిర్యాదు కాలాతీతమైంది.

మీకూ ఆమెకూ ఉన్న తేడా ఆ వాట్సాప్ జవాబులే. ఆమె అడగలేదు. మీరు అడిగారు, పదేపదే అడిగారు. ఏడాదిన్నర ఆగమని మీకు చెప్పింది సాక్షాత్తూ చికిత్స చేసిన వైద్యుడే. నరం దెబ్బతిందని ఆయనకు తెలుసని ఆ జవాబే చెబుతోంది. మీరు నిద్రపోలేదు, ఆయన మాట నమ్మి ఎదురుచూశారని కూడా అదే చెబుతోంది. 69వ సెక్షన్లోనే, ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ ఆ కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేసి ఫిర్యాదును స్వీకరించవచ్చని ఉంది. మీ దారి అది. పది నెలల క్రితం వరకు అదే గాయానికి ఆయనే మందులు రాశారు కాబట్టి గడువు అక్కడి నుంచి లెక్కించాలని కూడా వాదించవచ్చు. ఆ వాదన ముందు పెట్టండి, కానీ దాని మీదే భారం వేయకండి. ఆలస్యం మన్నించమనే దరఖాస్తును ఫిర్యాదుతో పాటే వేయండి.

మరి ఆ మెసేజీలు ఎక్కడ? ‘ఫోను మార్చాను, పాతవి పోయినట్లున్నాయి’ అని చివర్లో ఎంత తేలికగా రాశారమ్మా! రెండేళ్లకు పైగా మీ పెదవికి స్పర్శ లేదు, దాని గురించి డాక్టరు స్వయంగా రాసిన మాటలను కొత్త ఫోను మోజులో వదిలేశారు. మొదటి విడత మినహా మిగతా డబ్బుకు బిల్లు తీసుకోలేదు. సంతకం చేసిన సమ్మతిపత్రంలో ఏముందో చదవలేదు. బడిలో పిల్లవాడు నోటుపుస్తకం పారేసుకుంటే మీరు ఊరుకుంటారా? పాత ఫోను ఇంట్లోనే ఉందంటున్నారు. దాన్ని మార్పిడికి ఇవ్వకండి, తుడిచేయకండి, మీకు మీరే ఏవో యాప్‌లు వేసి కెలకకండి. తెలిసినవారి చేత సంభాషణ మొత్తాన్ని తేదీలతో సహా బయటకు తీయించండి. అపాయింట్‌మెంట్ల కోసం మీ వారి ఫోను నుంచి కూడా మెసేజీలు పంపామన్నారు, అవీ తీయండి. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. వినియోగదారుల కమిషన్ సాక్ష్య నిబంధనలను అంత బిగుతుగా పట్టుకోదు గానీ, అవతలివారికి ఆక్షేపణ సందు ఎందుకివ్వాలి?

ఇప్పుడు ఆ సర్టిఫికెట్ సంగతి. తీసుకోవద్దు. దాని గురించి మీ బంధువుతో ఫోనులో కూడా మాట్లాడవద్దు. కోర్టులో వాడాలని తప్పుడు తేదీతో పత్రం పుట్టించడం భారతీయ న్యాయ సంహిత 228వ సెక్షన్ కింద నేరం, 229 కింద ఏడేళ్ల వరకు జైలు. వినియోగదారుల కమిషన్ విచారణ కూడా ఇందుకు న్యాయవిచారణతో సమానమే. జైలుకు పంపాలనుకుంటున్నది డాక్టరునైతే, వెళ్లేది మీరూ మీ బంధువూ అవుతారు. పైగా అది నిలవదు. తిమ్మిరి ఏడాది క్రితం మొదలైందని సర్టిఫికెట్ అంటుంది. ఇంప్లాంట్ వేసిన మర్నాడే మీరు పంపిన ‘ఇంకా పెదవి తెలియడం లేదు సార్’ అన్న మెసేజీ డాక్టరు ఫోనులో భద్రంగా ఉంటుంది. మిమ్మల్ని గట్టెక్కించే ఆ మెసేజీలే అప్పుడు మిమ్మల్ని ముంచుతాయి. నిజమైన కేసు చేతిలో ఉన్నవారు అబద్ధపు కాగితం జోలికి ఎందుకు వెళ్లాలి?

జైలు మాట. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, వైద్యుడి మీద క్రిమినల్ కేసుకు సాధారణ నిర్లక్ష్యం చాలదని, తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, దర్యాప్తు అధికారి ముందుగా స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలని చెప్పింది. మీ వాస్తవాలు అంతవరకు వెళ్తాయని నేననుకోను. మీరు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతుంటే కమిషన్ ముందు ఆలస్యం మరింత పెరుగుతుంది. ఆ నెలలకు కారణం అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ఇక నిర్లక్ష్యాన్ని ఎలా రుజువు చేయాలి? నరానికి దెబ్బ తగిలింది కాబట్టి నిర్లక్ష్యమే అనుకోవద్దు. కింది దవడ వెనుక భాగంలో ఇంప్లాంట్ వేసేటప్పుడు నరం దెబ్బతినే ప్రమాదం తెలిసిందే, జాగ్రత్తపడినా ఒక్కోసారి జరుగుతుంది. నాళానికీ ఇంప్లాంట్ మొనకూ మధ్య కనీసం రెండు మిల్లీమీటర్ల దూరం వదలడం ఈ వృత్తిలో అందరికీ తెలిసిన జాగ్రత్త. ఆ దూరాన్ని ఆయన దేనితో కొలిచారు? దవడలు మొత్తాన్నీ ఒకే చిత్రంలో చూపే ఓపీజీ ఎక్స్-రే ఎముకను అసలు కొలత కన్నా సుమారు పాతిక శాతం పెద్దదిగా చూపగలదు. ఆ లెక్క తీసేయకుండా పొడవు ఎంచుకుంటే పన్నెండు మిల్లీమీటర్లు ఉన్నట్లు కనిపించిన చోట నిజానికి పది కూడా ఉండకపోవచ్చు. ముందు ఏ ఎక్స్-రే తీశారు, ఎంత పొడవు ఇంప్లాంట్ వేశారు అన్నది రికార్డులో ఉండాలి. సమ్మతిపత్రంలో నరం సంగతి ఉందా అన్నది రెండో ప్రశ్న. సమ్మతి అంటే విషయం తెలిసి ఇచ్చినదేనని 2008లో సమీరా కోహ్లీ కేసు చెప్పింది. ఉత్త సంతకం చాలదు.

నా దృష్టిలో వీటన్నిటికన్నా బలమైనది మూడోది. మర్నాడు మీరు తిమ్మిరి గురించి చెప్పినప్పుడు ఆయన ఏం చేశారు? మత్తు దిగే సమయం దాటినా స్పర్శ రాలేదంటే వెంటనే పిలిపించి, ఎక్స్-రే తీసి, మొన నాళాన్ని నొక్కుతోందేమో చూడాలి. నొక్కుతుంటే ఆ తొలి గంటల్లో, రోజుల్లో ఇంప్లాంట్ తీసేస్తేనో వెనక్కి తిప్పితేనో నరం కోలుకునే అవకాశం ఎక్కువ. ఆ సమయాన్ని ‘కంగారు పడకండి’ అన్న మాట తినేసింది. ఫిర్యాదులో దీన్నే ముందు పెట్టించండి.

కొత్త దంతవైద్యుడు ఇంప్లాంట్ తీసేద్దామంటున్నారని రాశారు. టైటానియం ఎముకతో అతుక్కుపోతుందని స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే పరిశోధకుడు గమనించి 1965లో తొలి రోగికి అమర్చారు. ఈ చికిత్స బలమంతా ఆ అతుకులోనే ఉంది. మీకు అదే చిక్కు. రెండేళ్లు దాటాక తీయాలంటే చుట్టూ ఎముక కోయాల్సి రావచ్చు, నరానికి మళ్లీ దెబ్బ తగలవచ్చు. తీయాలా వద్దా అన్నది మీ వైద్యం ప్రశ్న, అది ఓరల్ సర్జన్ తేల్చాలి. తీసే పక్షంలో మాత్రం, ముందు రోజు స్కాన్ తీయించి, తీసిన ఇంప్లాంట్‌ను పారేయకుండా సీసాలో పెట్టించి, పైన తేదీ, పంటి స్థానం రాయించి, తీసిన వైద్యుడి సంతకంతో తెచ్చుకోండి.

నిపుణుడి నివేదిక ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని 2010లో కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు మాత్రం కావాలి. ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో ఓరల్ సర్జరీ విభాగానికి వెళ్లండి. అక్కడ దూదిపోగుతో, సూది మొనతో తాకుతూ ఎక్కడ తెలుస్తోంది, ఎక్కడ తెలియడం లేదు అని పరీక్షిస్తారు. స్పర్శ లేని ప్రాంతం అంచును మీ గడ్డం మీదే పెన్నుతో గీయమని అడగండి. ఆ గీత కనిపించేలా ఫోటో తీయించి నివేదికకు జత చేయించండి. మీ ఉత్తరంలోని బాధ అంతా చేయలేని పని ఆ ఒక్క ఫోటో చేస్తుంది.

ఈ వారంలోనే మొదటి డాక్టరుకు స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. తిట్టవద్దు, బెదిరించవద్దు. కేస్ షీటు, ముందూ తర్వాతా తీసిన ఎక్స్-రేలు, సమ్మతిపత్రం, బిల్లులు, ఇంప్లాంట్ డబ్బా మీది లాట్ నంబరు స్టిక్కరు ప్రతులు కావాలని మాత్రమే రాయండి. దంతవైద్యుల 2014 నాటి వృత్తి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు రికార్డులు భద్రపరచాలి కూడా. అంటే మీకు మిగిలింది ఎనిమిది నెలలు. సివిల్ కోర్టులో నష్టపరిహారపు దావాకు కాలపరిమితి చట్టం ఇచ్చే మూడేళ్లు కూడా అప్పుడే నిండుతాయి. కమిషన్ ఆలస్యాన్ని మన్నించకపోతే ఆ తలుపు ఒక్కటే తెరిచి ఉంటుంది, అది మూసుకోకముందే మీ వకీలుతో ఈ లెక్క మాట్లాడుకోండి. దావాకు కోర్టు ఫీజు కట్టాలి. కమిషన్‌లోనైతే చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. బిల్లు లేని డబ్బుకు బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి.

లేఖ అందాక ఆయన ఫీజు వాపసు ఇస్తాననవచ్చు. ‘ఇక నాకు ఎలాంటి క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టి డబ్బు తీసుకోవద్దు.

ఆలస్యం మన్నించమనే దరఖాస్తుతో పాటు వేసే అఫిడవిట్‌లో నెలనెలా ఏం జరిగిందో వరుసగా రాయించండి: ఎప్పుడు అడిగారు, ఆయన ఏమన్నారు, ఎన్నిసార్లు వెళ్లారు, స్కాన్ ఏ రోజు తీశారు. మొదటి పేరాలో తిమ్మిరి మొదలైన అసలు తేదీనే ఉండాలి.