పాస్టరుగారి అమ్మాయి నవ్వకూడదా?

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. గుంటూరులో బి.ఎస్సి. నర్సింగ్ చదువుతున్నాను. నాన్నగారు ప్రకాశం జిల్లాలో ఒక పల్లె సంఘానికి పాస్టరు. చిన్నప్పటి నుంచి నేను గట్టిగా నవ్వినా, కొంచెం మంచి బట్టలు వేసుకున్నా "పాస్టరుగారి అమ్మాయివి, నువ్వే ఇలా ఉంటే ఎలా?" అనేవారు. హాస్టలుకు వచ్చాక స్నేహితురాళ్లతో సినిమాకు వెళ్లాను. ఎవరో చూసి ఇంట్లో చెప్పారు. అమ్మ వారం రోజులు మాట్లాడలేదు. ఆ ఆదివారం నాన్నగారు ప్రసంగంలో, యవ్వనస్థులు లోకంలో కలిసిపోతున్నారని కంటతడి పెట్టారట. అప్పటి నుంచి అబద్ధాలకు అలవాటుపడ్డాను. రోజూ రాత్రి అమ్మ ఫోను చేసి బైబిలు చదివావా అని అడిగితే చదివానంటాను. నిజానికి తెరిచి నెలలు దాటింది. ఆదివారం డ్యూటీ పడితే లోలోపల హాయిగా ఉంటోంది. పెళ్లయి స్థిరపడ్డాక భక్తిగా ఉండవచ్చు, ఇప్పుడు నా వయసుకు తగ్గట్టు ఉందామనుకున్నాను. కానీ మొన్న నైట్ డ్యూటీలో ఒక పెద్దావిడ నా చేయి పట్టుకుని "ఒక్క మాట ప్రార్థన చెయ్యి తల్లీ" అంది. నోరు పెగల్లేదు. సెలైన్ చూసే వంకతో పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను. నేను దేవునికి దూరమైపోయానా?

జవాబు: అమ్మా, దూరమైపోయిన మనిషికి ఆ రాత్రి సంగతి ఇంతగా గుచ్చుకోదు. ముందు ఆ భయం వదిలిపెట్టు.

నీ ఉత్తరంలో సినిమా సంగతి నన్ను పెద్దగా కలవరపెట్టలేదు. సంతోషం ఇప్పుడు, భక్తి తర్వాత అని జీవితాన్ని రెండు ముక్కలు చేసుకున్నావు చూడు, అదే బాధ కలిగించింది. ఆ లెక్క నీ అంతట నీకు తోచింది కాదు. నవ్వినప్పుడల్లా వారించి, భక్తి అంటే ముఖం బిగించుకుని కూర్చోవడమే అన్నట్టు చూపించిన పెద్దలే నీకు తెలియకుండా నేర్పారు. బైబిలులో ప్రసంగి గ్రంథం పదకొండో అధ్యాయం చివర, పన్నెండో అధ్యాయం మొదలు కలిపి చదువు. యౌవనంలో సంతోషపడమని చెప్పినవాడే, వాటన్నిటి విషయమై దేవుడు తీర్పులోకి తెస్తాడని వెంటనే హెచ్చరించాడు. ఆ ఊపులోనే, చిన్న వయసులోనే సృష్టికర్తను తలచుకోమన్నాడు. మధ్యలో అధ్యాయం అంకె ఎన్నో శతాబ్దాల తర్వాత వేసింది. ఆయన చెప్పిన మాట ఒక్కటే. మన సండే స్కూళ్లలో పిల్లలచేత పన్నెండో అధ్యాయం మొదటి వచనం కంఠస్థం చేయిస్తాం. సంతోషపడమన్న వచనాన్ని మాత్రం దాటేస్తాం. ఇది మన సంఘాలు సరిదిద్దుకోవలసిన విషయం.

యేసు ప్రభువు తన మొదటి సూచక క్రియ, అంటే అద్భుతం, చేసింది పెళ్లింట్లో. రెండేసి మూడేసి తూములు పట్టే ఆరు రాతి బానలను అంచుల మట్టుకు నీళ్లతో నింపించి, ఆ నీళ్లను ద్రాక్షారసంగా మార్చాడు. పెళ్లివారి పరువు పోకుండా అంత ధారాళంగా ఇచ్చినవాడు నీ నవ్వు చూసి చిన్నబుచ్చుకుంటాడని నేను నమ్మను.

ఇక "స్థిరపడ్డాక" అన్న మాట. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, అత్తగారింటి బాధ్యతలు వచ్చాక భక్తికి తీరిక ఎవరూ తెచ్చి ఇవ్వరు. అసలు నీకు దేవుని అవసరం ఇప్పుడే ఎక్కువ. 21 ఏళ్లకే మనుషుల ప్రాణం పోవడం కళ్లారా చూసే చదువు నీది. తొలినాటి క్రైస్తవ బోధకులు పౌలు, సీలలు ఫిలిప్పీ చెరసాలలో ఒళ్లంతా దెబ్బలతో, కాళ్లు కదలకుండా కొయ్య బొండ వేసి ఉండగా మధ్యరాత్రి కీర్తనలు పాడారు. తక్కిన ఖైదీలు విన్నారు. తర్వాత పౌలు బంధకాల్లో ఉండి ఆ ఊరి సంఘానికే, ఎల్లప్పుడూ ప్రభువునందు ఆనందించమని రాశాడు. సినిమా చూసి వచ్చిన సరదా తప్పని నేను అనను. నైట్ డ్యూటీలో ఒక మంచం ఖాళీ అయిన రాత్రి మాత్రం అది నిన్ను నిలబెట్టలేదు. నిలబెట్టే ఆనందం వేరే ఉంది, దాన్ని ఈ వయసులోనే వెతుక్కోమంటున్నాను.

నువ్వు చదువుకుంటున్న ఊళ్లోనే దీనికి సాక్ష్యం ఉంది. అన్నా సారా కుగ్లర్ అనే లూథరన్ మిషను డాక్టరు 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చింది. అప్పటికి ఆమెకు 27 ఏళ్లు. వైద్యం కోసమని పంపడానికి మిషను పెద్దలు మొదట ఒప్పుకోలేదు. వేరే పని అప్పగించి పంపితే, ఆ పని చేస్తూనే రోగులను చూసింది. స్త్రీల కోసం ఆస్పత్రి తెరవడానికి 1898 దాకా పట్టింది. 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఆమె కూడా స్థిరపడ్డాక చూద్దామనుకుని ఉంటే ఆ ఆస్పత్రి లేదు.

పెద్దావిడ విషయానికి వస్తాను. నేను సరిగ్గా లేను, నేనెలా ప్రార్థన చేయగలను అని నీకు అనిపించి ఉంటుంది. లూకా సువార్తలో, పన్నులు వసూలు చేసే సుంకరి దూరంగా నిలబడి, కన్నులెత్తడానికి కూడా ధైర్యం లేక, పాపినైన నన్ను కరుణించమన్నాడు. నీతిమంతుడుగా ఇంటికి వెళ్లింది అతనే. ఆవిడ ఇంకా వార్డులో ఉంటే వెళ్లి పలకరించు. మళ్లీ అడిగితే చేయి పట్టుకుని "ప్రభువా, ఈ అమ్మకు ఈ రాత్రి నెమ్మది ఇవ్వు" అను, చాలు. ఒక జాగ్రత్త: రోగి తనంతట తాను అడిగితేనే. నిస్సహాయంగా మంచాన ఉన్న మనిషి మీద మన విశ్వాసాన్ని రుద్దకూడదు. వేళకు మందు ఇవ్వడం, విసుక్కోకుండా పక్కబట్టలు మార్చడం కూడా దేవుని సేవే.

అబద్ధాలు మాత్రం ఇవాళే ఆపు. రాత్రి అమ్మ ఫోను చేసినప్పుడు "ఇవాళ చదవలేదమ్మా, నువ్వే ఒక కీర్తన చదువు, వింటాను" అని చెప్పు. మిగతాది ఫోనులో వద్దు. సెలవులకు వెళ్లినప్పుడు ముందు అమ్మతో, తర్వాత నాన్నగారితో కూర్చుని చెప్పు. "నాన్నగారూ, సినిమాకు వెళ్లాను, ఆ తర్వాత మీకు చాలా అబద్ధాలు చెప్పాను. సినిమా కన్నా అబద్ధాలకే ఎక్కువ సిగ్గుపడుతున్నాను. నాతో ఇంట్లో ఏమన్నా అనండి, ప్రసంగంలో మాత్రం అనకండి." కూతురుగా ఆ మాట అడిగే హక్కు నీకుంది. ఆయన వైపు కూడా ఆలోచించు. పల్లె పాస్టరు ఇల్లు సంఘం ఇచ్చే కానుకలతో నడుస్తుంది. పిల్లల మీద ఒక మాట పడితే ఆయన సేవ మీదే మాట పడుతుంది. ఆ కన్నీళ్లలో ఆ భయం కూడా ఉండి ఉంటుంది.

సినిమాల గురించి నీ మనస్సాక్షినే అడుగు. అన్నిటికీ స్వేచ్ఛ ఉన్నా అన్నీ మేలు చేయవని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆడవాళ్లను చులకన చేసే సినిమా ఎవరూ వద్దనకపోయినా మానుకోదగ్గదే.

ఆదివారం డ్యూటీకి అపరాధ భావం అక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నడుము వంగిపోయి ఉన్న స్త్రీని ప్రభువు, పని చేయకూడదనే విశ్రాంతి దినానే బాగుచేశాడు. అయితే డ్యూటీ పడితే హాయిగా ఉంటోందన్నావు కదా, నువ్వు తప్పించుకుంటున్నది దేవుణ్ణి కాదు, జనం చూపుల్ని అని నాకనిపిస్తోంది. గుంటూరులో పాత సంఘాలు చాలా ఉన్నాయి. నిన్ను ఎవరి అమ్మాయివని అడగని చోట, వెనక వరుసలో కూర్చుని, నీకోసం నువ్వు ఆరాధించు. డ్యూటీ పడిన వారాల్లో, వారం మధ్యలో జరిగే ప్రార్థన కూటానికి వెళ్లు. అక్కడ నమ్మకస్తురాలైన పెద్దావిడ ఒకరు పరిచయమైతే ఈ ఉత్తరంలో రాసినవన్నీ ఆమెకూ చెప్పుకోవచ్చు. నాన్నగారితో మాట్లాడాక ఆయన ఏమన్నారో నాకు రాయి.