టెక్ సందేహాలు: ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 టోర్నమెంటు పెట్టుకోవాలంటే

ఈసారి అందిన ఉత్తరాల్లో నాలుగు ఒకే ఆట గురించి ఉన్నాయి. ఊరిని, సైన్యాన్ని పెంచుకుని ఎదుటివారితో యుద్ధం చేసే కంప్యూటర్ ఆట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2ను, 1999లో విడుదలై పాతికేళ్లు దాటినా జనం వదలలేదు. 2022లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ కోటలో ప్రేక్షకుల ఎదుట దీనికి పెద్ద పోటీ కూడా జరిగింది. మన పాఠకులు అడిగేది అంత పెద్ద పోటీల గురించి కాదు, మిత్రులంతా కలిసి సజావుగా ఆడుకునే చిన్న టోర్నమెంటు గురించి. అటువంటి టోర్నమెంట్లు చాలావరకు ఆటగాళ్ల లోపం వల్ల కాక, ముందు తేల్చుకోవలసిన విషయాలను మొదటి మ్యాచ్ రోజుకు వదిలేయడం వల్ల చెడిపోతాయి. అందుకే ఈ వారం శీర్షికను పూర్తిగా దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేము ఇంజినీరింగ్ పూర్వ విద్యార్థులం, 16 మందిమి. హాస్టల్లో ఈ ఆట తెగ ఆడేవాళ్లం. ఇప్పుడు ఎక్కువమంది హైదరాబాద్, విజయవాడల్లో ఉన్నాం. ముగ్గురు డాలస్‌లో, ఇద్దరు మెల్‌బోర్న్‌లో ఉన్నారు. సంక్రాంతికి టోర్నమెంటు పెట్టుకోవాలని ఉంది. మాలో ఇద్దరు ఇప్పటికీ రోజూ ఆడతారు, మిగిలినవారు ఏళ్లుగా ముట్టుకోలేదు. ఏర్పాట్లు ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? (హనుమకొండ పాఠకుడు)

జవాబు: ముందుగా అందరూ ఏ వెర్షన్ ఆడాలో నిర్ణయించండి. ఈ ఆటకు 1999 నాటి మూలం, 2000లో దానికి అదనపు భాగంగా వచ్చిన కాంకరర్స్, 2013 నాటి హెచ్‌డీ ఎడిషన్, 2019 నవంబరులో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ ఉన్నాయి. ఒక వెర్షన్ ఉన్నవారు మరో వెర్షన్ ఉన్నవారితో ఆడలేరు. మీ మిత్రులు మూడు ఖండాల్లో ఉన్నారు కాబట్టి డెఫినిటివ్ ఎడిషన్ తప్ప వేరే ఆలోచన వద్దని నా సలహా. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో కొన్నవారు, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో గానీ గేమ్ పాస్ చందా ద్వారా గానీ తీసుకున్నవారు ఇందులో ఒకరితో ఒకరు ఆడుకోవచ్చు. 64 బిట్ విండోస్ 10, కనీసం 4 జీబీ ర్యామ్ ఉంటే ఆట నడుస్తుంది గానీ టోర్నమెంటుకు 8 జీబీ ఉండటం మేలు. విడిగా దొరికే హెచ్చు రిజల్యూషన్ గ్రాఫిక్స్ ప్యాక్ ఎవరూ వేసుకోనక్కరలేదు.

కంప్యూటర్ సామర్థ్యం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. 1997లో మొదటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌ను తయారు చేసిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్, యాదృచ్ఛికంగా మీ మిత్రులున్న డాలస్ సంస్థే, 28.8 కేబీపీఎస్ మోడెమ్ మీద ఎనిమిది మంది ఆడగలగాలని లక్ష్యం పెట్టుకుంది. వందల సైనికులు ఎక్కడున్నారో క్షణక్షణం పంపడానికి ఆ మోడెమ్ సరిపోదు. అందువల్ల 'ఈ పది మంది విలుకాండ్రు అక్కడికి వెళ్లాలి' వంటి ఆదేశాన్ని మాత్రమే పంపి, యుద్ధం మొత్తాన్ని ప్రతి కంప్యూటరూ తనంతట తాను లెక్కగట్టే పద్ధతిని వారు ఎంచుకున్నారు. అన్ని యంత్రాలూ ఒకే లెక్కను ఒకే వేగంతో చేస్తేనే ఆట అందరికీ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి, గదిలో (ఆటగాళ్లు ఆట కోసం నెట్‌లో చేరే చోటును గది అంటారు) అన్నిటికన్నా నెమ్మదైన కంప్యూటర్ ఏ వేగంతో నడిస్తే మిగిలినవారి ఆట కూడా దాదాపు అదే వేగంతో నడుస్తుంది. బ్రాడ్‌బ్యాండ్ ఎంత వేగంగా ఉన్నా ఒక్క పాత ల్యాప్‌టాప్ చాలు, ఇరువైపులా సైన్యాలు పెరిగేసరికి ఆట తడబడటానికి. ఎవరిదైనా ఒక కంప్యూటర్‌లో లెక్క ఏ మాత్రం తేడా వచ్చినా 'అవుటాఫ్ సింక్' అన్న సందేశంతో ఆట ఆగిపోతుంది. ఆట నియమాలను మార్చే మోడ్‌లు (ఆటకు పైనుంచి జోడించే మార్పులు) ఒకరి దగ్గర ఉండి మరొకరి దగ్గర లేకపోవడం ఇందుకు ఒక కారణం కావచ్చు. చెట్లను చిన్నవిగా చూపించే మోడ్ వంటివి కేవలం కంటికి సంబంధించినవి కనుక వాటితో ఇబ్బంది లేదు.

కాబట్టి పోటీకి రెండు వారాల ముందే ఒక పరీక్ష రోజు పెట్టండి. కంప్యూటర్ వేగాన్ని కొలిచే, ఆటలోనే ఉన్న బెంచ్‌మార్క్ పరీక్షను అందరూ నడిపి ఫలితాన్ని గ్రూపులో పెట్టాలి. తర్వాత నలుగురేసి గదుల్లో చేరి, ఒక్కొక్కరు పనివారు, సైనికులు కలిపి 200 జనాభా నిండేవరకు ఒక ఉత్తుత్తి ఆట ఆడాలి. ఎవరి యంత్రం మొరాయిస్తుందో అక్కడే తెలిసిపోతుంది. గ్రాఫిక్స్ తగ్గించడం, ల్యాప్‌టాప్‌ను ఛార్జర్‌కు పెట్టి ఆడటం, వైఫై బదులు రౌటర్ నుంచి కేబుల్ వేసుకోవడం అనే మూడింటితో చాలా ఫిర్యాదులు తీరిపోతాయి.

ఇక పోటీ విధానం. 16 మందికి నాకౌట్ అయితే 15 మ్యాచ్‌లతో ముగుస్తుంది గానీ ఎనిమిది మంది మొదటి మ్యాచ్‌తోనే ఇంటిదారి పడతారు. ఏళ్ల తర్వాత కలిసి ఆడబోయేవారికి ఇది సరిపడదు. అందరూ అందరితో ఆడాలంటే 120 మ్యాచ్‌లు కావాలి, అది అసాధ్యం. నలుగురేసి చొప్పున నాలుగు గ్రూపులు చేస్తే గ్రూపు దశలో 24 మ్యాచ్‌లు, ప్రతి గ్రూపు నుంచి ఇద్దరు చొప్పున వచ్చే క్వార్టర్ ఫైనల్స్ నుంచి ఫైనల్ దాకా ఏడు, మొత్తం 31 మ్యాచ్‌లు అవుతాయి. ప్రతి ఒక్కరికీ కనీసం మూడు ఆటలు దక్కుతాయి. గ్రూపు మ్యాచ్‌లను ఒక్క ఆటతో తేల్చండి, క్వార్టర్స్ నుంచి మూడింట రెండు గెలవాలన్న నియమం పెట్టండి, ఫైనల్‌ను ఐదు ఆటలకు పెంచండి. పట్టిక నడపడానికి చాలాంజ్ (Challonge) వంటి ఉచిత సైటు సరిపోతుంది.

రోజూ ఆడే ఆ ఇద్దరి సంగతి వేరు. వారిని వేర్వేరు గ్రూపుల్లో పెట్టడం తప్పనిసరి. మిగిలినవారి బలాబలాలు తెలియవు కాబట్టి, అందరూ కంప్యూటర్ ప్రత్యర్థితో హార్డ్, హార్డెస్ట్, ఎక్స్‌ట్రీమ్ స్థాయిల్లో ఆడి ఎక్కడిదాకా నెగ్గారో చెబితే గ్రూపులు వేయడానికి ఆ మాత్రం సమాచారం చాలు. నన్నడిగితే ఈ తేడా చూశాక మొదటి టోర్నమెంటును ఇద్దరిద్దరి జట్లతో పెట్టమంటాను. బాగా ఆడేవారికి మరిచిపోయినవారిని జతచేస్తే ఎనిమిది జట్లు వస్తాయి. బలహీనుడు పది నిమిషాల్లో కూలిపోయి కూర్చోవడం ఉండదు. పక్కన ఉన్నవాడు వనరులు పంపి నిలబెడతాడు, ఆ నిలబెట్టడంలోనే పాత హాస్టల్ రోజులు తిరిగొస్తాయి.

యుద్ధం జరిగే మ్యాపుల్లో అరేబియా బహిరంగంగా ఉంటుంది, మొదటి నిమిషాల నుంచే దాడులు వస్తాయి. అరీనాలో మొదటినుంచీ చుట్టూ రాతి గోడ ఉంటుంది కాబట్టి అలవాటు తప్పినవారు ఊపిరి తీసుకోగలుగుతారు. గ్రూపు దశకు అరీనా, నాకౌట్‌లో అరేబియా వాడండి. బ్లాక్ ఫారెస్టును పెట్టకండి, అక్కడ ఆట ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పలేరు, మీ కాలపట్టిక మొత్తం చెడిపోతుంది. ప్రతి ఆటగాడు తన పక్షంగా ఎంచుకునే నాగరికతల విషయంలో ఒక్క నియమం చాలు: ఒక మ్యాచ్‌లో ఒకసారి గెలిచిన నాగరికతను అదే మ్యాచ్‌లో మళ్లీ వాడకూడదు. 2022లో వచ్చిన, విడిగా కొనుక్కోవలసిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు భాగంలోని ద్రవిడులను తీసుకోవాలని చాలామంది సరదా పడతారు. అది కొన్నవారికే ఆ నాగరికత అందుబాటులో ఉంటుంది కాబట్టి అందరి దగ్గరా ఉందో లేదో అడిగాకే అనుమతించండి.

కాలపట్టిక వేసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. డెఫినిటివ్ ఎడిషన్‌లో సాధారణ వేగం అసలు కాలానికి 1.7 రెట్లు ఉంటుంది. తెర మీది గడియారం ఒక గంట చూపితే గోడ గడియారంలో గడిచింది సుమారు 35 నిమిషాలే. దీన్ని చూసుకోకుండా రికార్డింగుల్లోని సమయం బట్టి లెక్కవేసేవారు పట్టికను అనవసరంగా పొడిగిస్తారు. మూడు ఆటల మ్యాచ్‌కు, మధ్య విరామాలతో కలిపి, రెండు గంటలు ధారాళంగా సరిపోతాయి. మీ మూడు దేశాలకూ కుదిరే సమయం శనివారం ఉదయం 7 గంటలు: జనవరిలో అప్పుడు డాలస్‌లో శుక్రవారం రాత్రి 7.30, మెల్‌బోర్న్‌లో శనివారం మధ్యాహ్నం 12.30 అవుతుంది. మన రాత్రి 8 గంటలకు పెడితే మెల్‌బోర్న్‌లో తెల్లవారుజామున 1.30, అక్కడి మిత్రులను అలా కష్టపెట్టవద్దు.

కనెక్షన్ తెగితే ఏం చేయాలో ముందే రాసి అందరిచేత ఒప్పించండి. ఆటను సేవ్ చేసిన చోటి నుంచి అదే ఆటగాళ్లతో మళ్లీ తెరిచే వీలుంది కాబట్టి, తెగినప్పుడు 15 నిమిషాలు ఎదురుచూసి, తిరిగి వచ్చాక అక్కడినుంచే కొనసాగించాలని పెట్టవచ్చు. ఈ తీర్పులు చెప్పే వ్యక్తి టోర్నమెంటులో ఆడకూడదు. ఈ ఒక్క విషయంలో మొహమాటానికి పోకండి.

ప్రశ్న: నాకు నెట్ సెంటర్ ఉంది. ఎనిమిది పాత కంప్యూటర్లు, ఒక కాంకరర్స్ సీడీ ఉన్నాయి. చుట్టుపక్కల పిల్లలకు, పాత ఆటగాళ్లకు ల్యాన్ టోర్నమెంటు (ఒకే చోటి కంప్యూటర్లను కలిపి ఆడేది) పెట్టగలనా? కంప్యూటర్లు ఒకదానికొకటి కనిపించడం లేదు. (గుంటూరు పాఠకుడు)

జవాబు: పెట్టవచ్చు, అయితే ఒక్క సీడీని ఎనిమిది యంత్రాల్లో వేసి డబ్బు తీసుకునే పోటీ నడపడం లైసెన్సుకు విరుద్ధం. ప్రతి యంత్రానికీ సొంత ప్రతి ఉండేలా చూసుకోండి. కంప్యూటర్లు కనిపించకపోవడానికి మూడు చోట్ల వెతకండి. విండోస్ 10లో డైరెక్ట్‌ప్లే అన్న పాత భాగం మొదట ఆపివేసి ఉంటుంది, కంట్రోల్ ప్యానెల్‌లోని విండోస్ ఫీచర్స్ జాబితాలో లెగసీ కాంపొనెంట్స్ కింద దాన్ని టిక్ చేయాలి. విండోస్ ఫైర్‌వాల్‌లో ఆటకు ప్రైవేట్ నెట్‌వర్క్ అనుమతి ఇవ్వాలి. వీపీఎన్ లేదా వర్చువల్ మెషీన్ వల్ల అదనపు నెట్‌వర్క్ అడాప్టర్లు ఏర్పడి ఉంటే పోటీ రోజున వాటిని డిసేబుల్ చేయాలి, లేకుంటే ఆట తప్పు ఐపీ చిరునామాను పట్టుకుంటుంది. అన్ని యంత్రాల్లోనూ ఒకే ప్యాచ్ (ఆటకు తర్వాత వచ్చిన సవరణ) ఉండాలి. కంప్యూటర్లతో పాటు వాటిని కలిపే నెట్‌వర్క్ స్విచ్‌ను కూడా యూపీఎస్‌కు కలపండి. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్లన్నీ నడుస్తూనే ఉన్నా స్విచ్ ఆరిపోతే ఆట పోయినట్టే.

ప్రశ్న: ఒక్కొక్కరి దగ్గర రూ. 200 వసూలు చేసి ఆ మొత్తాన్ని విజేతకు ఇవ్వాలనుకుంటున్నాం. ఇది నైపుణ్యం మీద ఆధారపడిన ఆటే కదా, ఇబ్బంది ఉండదు కదా? (కాకినాడ పాఠకుడు)

జవాబు: దయచేసి అలా చేయకండి. నైపుణ్యం ఉన్న ఆట అన్న వాదన ఇప్పుడు మిమ్మల్ని కాపాడదు. పందెం పెట్టి ఆడే ఆటల విషయంలో తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి కఠినం చేశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, గెలిస్తే డబ్బు వస్తుందన్న ఆశతో డబ్బు కట్టి ఆడే ఆటలను నైపుణ్యంతో నిమిత్తం లేకుండా నిషేధించింది. ఆ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను (పోటీ క్రీడగా ఆడే వీడియో గేములను) వేరుగా చూస్తుంది, నిర్వహణ ఖర్చులకు ప్రవేశ రుసుమును, ప్రతిభకు బహుమతిని అనుమతిస్తుంది. కానీ అది గుర్తింపు పొందిన పోటీలకు సంబంధించిన మాట, మీ వాట్సాప్ గ్రూపు పోటీకి ఆ గుర్తింపు ఉండదు. ప్రవేశం ఉచితంగా ఉంచండి. కప్పులు, కీబోర్డు, మౌస్ వంటి బహుమతులను ఎవరైనా పెద్దలు సొంతంగా ఇవ్వనివ్వండి. స్పాన్సర్లు, నగదు బహుమతుల దాకా వెళ్లాలనుకుంటే న్యాయవాదిని సంప్రదించండి, కమ్యూనిటీ పోటీల గురించి మైక్రోసాఫ్ట్ పెట్టిన నిబంధనలనూ చదవండి.

ప్రశ్న: మా ఊరి టోర్నమెంటును తెలుగు వ్యాఖ్యానంతో యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వాలనుకుంటున్నాను. ఏమేం కావాలి? (సిద్దిపేట పాఠకురాలు)

జవాబు: తెలుగులో ఈ ఆటకు వ్యాఖ్యానం వినాలని నాకూ ఎంతో ఆశ, తప్పకుండా చేయండి. మీ కంప్యూటర్‌లో ఆట, ప్రసారం చేసే ఓబీఎస్ స్టూడియో ప్రోగ్రాం ఉంటే చాలు, ఓబీఎస్ ఉచితం. మీరు గదిలో స్పెక్టేటర్‌గా, అంటే ఆడకుండా చూసేవారిగా చేరండి. ఇరువైపుల విలేజర్ల (పనివారి) సంఖ్య, సైన్యం, వనరులు ఒకే తెర మీద చక్కగా కనిపించాలంటే పెద్ద పోటీల వ్యాఖ్యాతలు వాడే క్యాప్చర్‌ఏజ్ అనే ప్రోగ్రాంను జోడించండి. 720పీ ప్రసారానికి సుమారు 3 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా ఉండాలి. ప్లాన్ కొనేటప్పుడు చెప్పే డౌన్‌లోడ్ వేగాన్ని కాక అప్‌లోడ్‌ను విడిగా పరీక్షించి చూసుకోండి. ఆడేవారు తమ ఫోనులో మీ ప్రసారం తెరిచి ప్రత్యర్థి కదలికలు చూసే అవకాశం ఉంది కాబట్టి, గది తెరిచేటప్పుడే స్పెక్టేటర్ డిలే (చూసేవారికి ఆట కాస్త ఆలస్యంగా కనిపించే ఏర్పాటు) పెట్టించండి.

లైవ్ భయమనిపిస్తే రికార్డింగులతో మొదలుపెట్టండి. ఆడిన ప్రతి ఆటా ఆటగాళ్ల కంప్యూటర్లలో దానంతట అదే ఫైలుగా నిలిచి ఉంటుంది. అందులో ఉండేది వీడియో కాదు, ఆటగాళ్లు ఇచ్చిన ఆదేశాలు మాత్రమే, అందుకే ఫైలు చిన్నదిగా ఉంటుంది, మెయిల్‌లోనూ పంపుకోవచ్చు. తెరిచినప్పుడు మీ కంప్యూటర్ ఆ ఆదేశాలను తీసుకుని యుద్ధాన్ని మొదటినుంచి మళ్లీ లెక్కగడుతుంది, మీరు కోరిన చోట ఆపి ఎవరి కోటనైనా దగ్గరగా చూపవచ్చు. కానీ ఆటకు కొత్త ప్యాచ్ వచ్చి ఏదైనా సైనికుడి బలం మారితే ఆ లెక్క పాత యుద్ధానికి సరిపోలదు, పాత రికార్డింగులు చాలాసార్లు తెరుచుకోవు కూడా. అందువల్ల ఫైళ్లు అందిన వారంలోనే వ్యాఖ్యానంతో వీడియోగా మార్చి దాచుకోండి. ఫలితం మీద వివాదం వస్తే న్యాయనిర్ణేత కూడా అదే వారంలో ఆ ఫైలు తెరిచి చూడాలి.