పాయింట్ చేసే ల్యాబ్రడార్ కుక్కని తెచ్చుకున్న అల్లుడికి

ఒరేయ్ అల్లుడూ,

నిన్న మా అక్క, అదే మీ అమ్మ, ఫోన్ చేసి ఒకటే గోల, వేట మన ఇంటా వంటా లేదు, వీడికి ఈ పిచ్చి ఎవరు అంటించారు అని. నేనే అని ఒప్పుకున్నాలే. ఇండియాలో 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక వేట దాదాపు ఆగిపోయింది, ఇక్కడ సౌత్ డకోటాలో మాత్రం ఫెజెంట్, అదే అడవికోడి లాంటి పక్షి, దాని వేట సీజన్ అంటే మన సంక్రాంతి లెక్క. మా పక్కన స్పింక్ కౌంటీలో 1919లో ఒక్క రోజుతో మొదలెట్టారంట, ఇప్పుడు అక్టోబర్ మూడో శనివారం వస్తే మోటెల్‌లో రూమ్ దొరకదు.

సరే నీ ల్యాబ్ కుక్కపిల్ల సంగతి. దాని అమ్మా నాన్నా ఇద్దరికీ సర్టిఫైడ్ పాయింటింగ్ రిట్రీవర్ టైటిల్ ఉందన్నావు, అంటే పక్షి వాసన తగలగానే కదలకుండా నిలబడి చూపించే రకమని, మంచిదే. తుంటి ఎక్స్‌రేలు, ఈఐసీ టెస్ట్ కాగితాలు కూడా ఆ బ్రీడర్‌ని అడిగి తీసుకో, ఈఐసీ అంటే బాగా పరిగెత్తాక వెనక కాళ్ళు చచ్చుబడే జబ్బు, 2008లో ఆ జీన్‌ని పట్టుకుంది మీ యూనివర్సిటీ ఆఫ్ మిన్నెసోటా వాళ్ళే. ల్యాబ్ పాయింట్ చేయడమేంటని నవ్వేవాళ్ళు చాలామంది ఉంటారు, నవ్వనీ. కానీ పాయింట్ అనేది నువ్వు నేర్పేది కాదురా, రక్తంలో ఉంటే ఉంటుంది లేకపోతే లేదు, ఆరో నెలలో బయటపడొచ్చు, రెండో ఏడు దాకా ఆగొచ్చు కూడా. ట్రైనర్ అయినా నువ్వైనా చేయగలిగింది దాన్ని చెడగొట్టకుండా ఉండటమే.

ఎలా చెడిపోతుందో నన్నడుగు. నా మొదటి కుక్క రాణిని అయిదో నెలకే ఒక ట్రైనర్ దగ్గర వదిలేశా, నెలకి వెయ్యి డాలర్లు, డాక్టర్‌గిరీ చేస్తూ టైమ్ లేదని సాకు. ఆయన బాతుల వేట కుక్కల్లో తోపే కానీ పాయింట్ గురించి తెలీదు. పిల్ల పావురం వెంటపడిందని మెడకి కట్టిన ఎలక్ట్రిక్ కాలర్‌తో షాక్ ఇచ్చాడు. దానికేమో పక్షే కరిచిందనిపించింది. ఇంటికొచ్చాక జమ్ము గడ్డిలోకి తీసుకెళ్తే, ముక్కుకి వాసన తగలగానే చెవులు వెనక్కి పెట్టి, తోక కిందకేసి, నిశ్శబ్దంగా వచ్చి నా మోకాళ్ళ వెనక నిలబడేది. ఆరడుగుల్లో పెట్ట ఫెజెంట్ కూర్చుని ఉన్నా సరే, తెలియనట్టే. అది మళ్ళీ మామూలు అవడానికి ఒక సీజన్ మొత్తం పోయింది. అందుకే చెప్తున్నా, ముందు పక్షి మీద పిచ్చి ఎక్కాలి, కంట్రోల్ సంగతి ఆ తర్వాత, కాలర్ అయితే ఇంటి దగ్గర బాగా వచ్చేసిన కమాండ్ మీదే వాడాలి గానీ పక్షి దగ్గర దాని ఊసే వద్దు.

ఇప్పుడు మూడో నెల కదా, పేరు పిలిస్తే రావడం, 30 అడుగుల తాడు కట్టుకుని తిరగడం, నీళ్ళు, గడ్డి, అంతే. ఫిషింగ్ రాడ్‌కి పావురం రెక్క కట్టి ఆడించు, పిల్ల స్తంభంలా నిలబడిపోతుంది, వీడియో తీసి అక్కకి పంపు, కానీ మూడు నాలుగు సార్లతో ఆపెయ్, లేకపోతే ముక్కు మానేసి కళ్ళతో వేటాడుతుంది.

తర్వాత లాంచర్. స్ప్రింగ్ పెట్టె లోపల పావురం, నీ చేతిలో రిమోట్. గాలి అడ్డంగా వీచే చోట గడ్డిలో దాచి, పిల్లని తాడు మీద తీసుకురా. వాసన గాల్లో తగిలిన క్షణం తల టక్కున తిరుగుతుంది చూడు, ఒళ్ళు కిందకి దించి, పొట్ట గడ్డికి తగిలేలా... ఇంగ్లీష్ పాయింటర్‌లా తోక నిలబెట్టదు, ల్యాబ్‌కి అంత ఫోజు ఉండదు, పిల్లి పొంచినట్టే ఉంటుంది. ఆగిందా, నువ్వు నోరు మూసుకో. అడుగు ముందుకేసిందా, రిమోట్ నొక్కు, పావురం లేచిపోతుంది. తాను కదిలితే పక్షి పోతుందని దానికదే లెక్క కట్టుకుంటుంది. ఒక్కసారి కూడా పట్టుకోనివ్వకు, ఆ రుచి తగిలితే మళ్ళీ ఆగదు. ఇంటికి తిరిగొచ్చే రకం పావురాలే తీసుకో, సాయంత్రానికి గూట్లో ఉంటాయి, డబ్బులూ మిగుల్తాయి. ఇంకోటి, పక్షి దగ్గర సిట్ అని అరవకు, భయపడిన ల్యాబ్ పాయింట్ మీదే కూలబడిపోతుంది, చూడ్డానికి సిగ్గేస్తుంది.

తుపాకీ చప్పుడికి కూడా తొందరొద్దు. పిల్ల పావురం వెంట పరిగెడుతున్నప్పుడు దూరం నుంచి ఎవరైనా ఖాళీ తూటా పేల్చాలి, తర్వాత కొద్దికొద్దిగా దగ్గరికి. షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళి అలవాటు చేద్దామనే తెలివితక్కువ పని మాత్రం చేయకు.

తెచ్చివ్వడం ఎలాగూ వస్తుంది, ల్యాబ్ కదా, గట్టిగా పట్టుకుని చేతికే ఇచ్చే డ్రిల్ పాలపళ్ళు ఊడాక, ఆరేడు నెలలప్పుడు ట్రైనర్ చేస్తాడు. ఆయన్ని ఎంచుకునే ముందు, మీ చేతిలో తయారైన పాయింటింగ్ ల్యాబ్‌ని పక్షి మీద చూపించండి అని అడుగు. ఆయన గేటు తీయగానే కుక్కల తోకలు ఎలా ఊగుతున్నాయో చూడు. నువ్వు వారం వారం వచ్చి పక్కన నిలబడి నేర్చుకోవడానికి ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చెయ్.

అక్టోబర్‌కి ఏడో నెలే కాబట్టి పెద్దగా ఆశ పెట్టుకోకు. మొదటి సీజన్ నీ చేతిలో తుపాకీ వద్దు, నేను కాలుస్తా, నువ్వు కుక్కని చూసుకో. పాయింట్ చేయకుండా లేపేసిన పక్షి ఎంత పెద్ద పుంజైనా, ఎంత దగ్గరగా లేచినా కాల్చం, తెలిసిందా? రోజుకి మూడు పుంజులే లిమిట్, పెట్టల్ని ముట్టుకోకూడదు, కానీ పిల్లకి పెట్టలే గురువులు, అవి కదలకుండా కూర్చుంటాయి, పుంజు మాత్రం మొక్కజొన్న వరసల్లో పరుగే పరుగు. ఎండ ఎక్కువైతే ఆపేద్దాం, నాలుక వెడల్పుగా వేలాడిందంటే ఇక నీడకి, నీళ్ళకి.

వచ్చే శనివారం బయల్దేరు, నా దగ్గర ఆరు పావురాలు రెడీగా ఉన్నాయి. అక్క ఆవకాయ పంపిందంటగా, అది మర్చిపోయి ఉత్త కుక్కనేసుకుని మాత్రం రాకు.

మామయ్య