నాయనమ్మ తీసేయని ఉంగరం చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గర పల్లె. ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. గుండె వేగం, నిద్ర చూపించే స్మార్ట్ రింగ్ ఒకటి మా బాబాయి హైదరాబాద్ నుంచి నాయనమ్మకు తెచ్చాడు. ఆమెకు షుగర్, బీపీ ఉన్నాయి. రెండు రోజులు పెట్టుకుని ‘ఒత్తుతున్నది బిడ్డా’ అని తీసి డబ్బాలో పడేసింది. అలాంటివాళ్లు తీసేయకుండా పెట్టుకునే రింగ్ డిజైన్ చేయాలని నా కోరిక. నాన్న మాత్రం సీఎస్‌ఈ తప్ప ఇంకోటి వద్దంటున్నాడు. ఏ కోర్సు తీసుకోవాలి మేడమ్?

జవాబు: నాయనమ్మ ఉంగరం తీసేసిందంటే తప్పు ఆమెది కాదు తల్లీ, ఉంగరానిదే. అది నీకు ఇప్పటికే అర్థమైంది, అందుకే నీ ఉత్తరం నాకు అంత నచ్చింది. డబ్బాలో ఉన్న రింగ్‌లో ఎంత మంచి సెన్సర్ ఉంటే మాత్రం ఏం లాభం?

ముందు అది ఎందుకు ఒత్తిందో చూద్దాం. రింగ్ లోపలి వైపున్న చిన్న ఎల్‌ఈడీలు చర్మంలోకి పచ్చ, ఎరుపు, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పంపుతాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలిలో రక్తం పెరిగి తగ్గుతుంది, దాన్నిబట్టి తిరిగొచ్చే కాంతి మారుతుంది. ఉంగరం వదులైతే బయటి వెలుగు లోపలికి దూరి, రింగ్ అటూఇటూ కదిలి లెక్క తప్పుతుంది. బిగుతైతే రక్తం నొక్కుకుపోయి సిగ్నలే బలహీనపడుతుంది. అంటే వేలికి హాయిగా ఉండాలన్నా, సరిగ్గా కొలవాలన్నా సైజు కుదరాల్సిందే. వాచీ బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకోవచ్చు, ఉంగరానికి ఆ వీలు లేదు. అమెరికన్ కొలతల్లో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ వ్యాసంలో తేడా దాదాపు 0.8 మిల్లీమీటర్లు. వేలేమో ఎండకు ఉబ్బుతుంది, చలికి సన్నబడుతుంది. పైగా కణుపు దగ్గర ఒక కొలత, దాని కింద ఇంకో కొలత. అందుకే పెద్ద కంపెనీలు ముందు ఉత్తి రింగులు పంపి, ఒక పగలూ ఒక రాత్రీ పెట్టుకుని చూసి సైజు చెప్పమంటాయి. మీ బాబాయి అందాజాగా కొని ఉంటాడని నా అనుమానం.

స్థలం సమస్య ఇంకా గట్టిది. 2024లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ రింగ్ మందం 2.6 మిల్లీమీటర్లు, బరువు సైజునుబట్టి 2.3 నుంచి 3 గ్రాములు. వంపు తిరిగిన బ్యాటరీ, సర్క్యూట్, సెన్సర్లు అన్నీ అందులోనే పట్టాలి. ఆ బ్యాటరీ సామర్థ్యం 18 నుంచి 23.5 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత). ఇప్పటి ఫోన్లలో చాలావాటికి 5000, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది, పోల్చుకో.

ఇక మీ వంటింట్లోకి వెళ్లు. నాయనమ్మ జొన్నరొట్టె కొడుతుంటే ఆమె అరచేతినే చూస్తూ కూర్చో. ఇలాంటి రింగుల్లో సెన్సర్లను ఎక్కువగా అరచేతి వైపు వచ్చేలా పెడతారు, రొట్టె కొట్టినప్పుడు దెబ్బ తగిలేదీ ఆ వైపే. పిండి కిందికి దూరి ఎండిపోతుంది. గిన్నెలు తోమితే సబ్బు నీళ్లు అక్కడే నిలిచి దురద పెడతాయి. కొడవలి పట్టినా, బకెట్ ఎత్తినా ఉంగరం అంచు పక్కవేలిని కోస్తుంది. ఆఫీసులో కీబోర్డు కొట్టే చేతికి ఈ బాధలు తెలియవు. పత్తి తీసే చేతులు, నాట్లు వేసే చేతులు నీకు రోజూ కనబడతాయి. ఈ రంగంలో అది నీకున్న బలం, చిన్నదనుకోకు.

ఈ వారమే మొదలుపెట్టు. సన్నటి కాగితం పట్టీని ఆమె వేలి చుట్టూ తిప్పి పెన్నుతో గుర్తు పెట్టు. పొద్దున లేవగానే, మధ్యాహ్నం పని అయ్యాక, రాత్రి పడుకునే ముందు కొలువు. కణుపు దగ్గర వేరుగా రాసుకో. కొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. తర్వాత అట్టముక్కను పొరలు పొరలుగా చుట్టి రెండున్నర మిల్లీమీటర్ల మందంతో ఉంగరం చెయ్. ఒకటి 6 మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటి 8. అంచులు ఒకదానికి గుండ్రంగా చేసి, ఇంకోదానికి అలాగే వదిలెయ్. ఆమెకు ఏది నచ్చింది, ఏది ఎంతసేపటికి తీసేసింది అన్నీ నోటుబుక్కులో రాసి బొమ్మ వెయ్.

ఒక జాగ్రత్త. షుగర్ కూడా చూపిస్తుందని ఎవరైనా రింగ్ అమ్మితే నమ్మొద్దు. రక్తం తీయకుండా, చర్మంలోకి ఏదీ గుచ్చకుండా తామే షుగర్ కొలుస్తామనే స్మార్ట్ వాచీలను, రింగులను వాడొద్దని 2024 ఫిబ్రవరిలో అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరించింది. నాయనమ్మ మందుల మోతాదు రింగ్ చూసి మార్చకూడదు. రేపు నువ్వు ఈ రంగంలోకి వచ్చినా, కొలవగలిగినదాన్నే కొలుస్తానని చెప్పే కంపెనీలో పని చెయ్.

ఇప్పుడు చదువు సంగతి. రింగ్ డిజైన్ అని ప్రత్యేకమైన డిగ్రీ వెతకొద్దు, అలాంటి పేరుతో ఎవరైనా సర్టిఫికెట్ కోర్సు అమ్మజూపితే డబ్బు కట్టొద్దు. ఆకారం, సౌకర్యం మీద మనసుంటే బీడిజైన్ అనే డిగ్రీ. దానికి యూసీడ్ పరీక్ష రాయాలి, ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, ఇంటర్ ఏ గ్రూపు వాళ్లైనా రాయొచ్చు. బొమ్మ గీసే భాగం కూడా ఉంటుంది కాబట్టి నీ నోటుబుక్కు అక్కడా పనికొస్తుంది. మనకు దగ్గర్లో కంది దగ్గరున్న ఐఐటీ హైదరాబాద్‌లో ఈ కోర్సు ఉంది. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. అందుకని నీకు నేను చెప్పేది, యూసీడ్ రాస్తూనే ఎప్‌సెట్‌కు గట్టిగా చదువు. బీటెక్‌లో సర్క్యూట్లు ఇష్టమైతే ఈసీఈ, లోహం, తయారీ ఇష్టమైతే మెకానికల్. బీటెక్ తర్వాత సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి, డిజైన్‌లో పీజీ అయిన ఎండిజైన్‌కు వెళ్లే దారి తెరిచే ఉంటుంది. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో బయోమెడికల్ ఉంది, మంచిదే. కానీ నీ ర్యాంకుకు మంచి కాలేజీలో ఈసీఈ వస్తే నేను దానికే ఓటేస్తాను, ఉద్యోగాల పరిధి ఎక్కువ కనుక.

నాన్న టెన్షన్ న్యాయమైనదే. రింగులే ప్రధానంగా చేసే కంపెనీలు మన దేశంలో తక్కువ, బెంగళూరు అల్ట్రాహ్యూమన్ లాంటివి కొన్నే. అయితే ఈ నైపుణ్యం ఒక్క రింగ్‌కే కాదు, వినికిడి యంత్రాలకు, వాచీలకు, ఒంటికి అతికించే సెన్సర్లకు కూడా కావాలి. సీఎస్‌ఈ వచ్చినా దారి మూసుకుపోదు. చెయ్యి కదులుతున్నప్పుడు వచ్చే గజిబిజి సిగ్నల్‌లోంచి గుండె వేగం ఏరి తీసే పని సాఫ్ట్‌వేర్‌వాళ్లదే. ఈ మాట నాన్నకు చదివి వినిపించు.

యూసీడ్ జనవరిలో జరుగుతుంది, దరఖాస్తులు మామూలుగా అక్టోబర్‌లో మొదలవుతాయి, కాబట్టి కాలేజీలో నెట్ ఉన్నప్పుడు తేదీలు చూసుకో. ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒక్కో కాలేజీ సీనియర్లకు ఫోన్ చేసి, ల్యాబ్ తాళం విద్యార్థుల కోసం సాయంత్రం పూట తీస్తారా లేదా అడుగు. తీయని కాలేజీని జాబితాలో కిందికి దించు.