వెటకారం చేసే ముందు: మేనల్లుడికి ఒక ఉత్తరం

అల్లుడూ,

మొన్న పండక్కి వచ్చినప్పుడు మన హైదరాబాద్ టీముల మీద నువ్వు వేసిన వెటకారాలన్నీ ఫోన్‌లో చూపించావు. కొన్నింటికి నిజంగానే గట్టిగా నవ్వాను. కొన్ని మాత్రం నాకు గుచ్చుకున్నాయి. భోజనాల దగ్గర అందరి ముందూ అనడం ఇష్టంలేక ఊరుకున్నాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

వెటకారం మానెయ్యమని చెప్పను. ఇంట్లో పిల్లాడు ఫెయిలైతే తిట్టే హక్కు ఇంట్లోవాళ్లకే ఉంటుంది. సొంత టీము విషయమూ అంతే. 2008 నుంచి ఈ ఊరి టీముల్ని వదలకుండా చూస్తున్నవాణ్ణి. ఎలా దెప్పాలో, ఎక్కడ ఆగాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు 2012 మే 20 సంగతి విను. అది ఆదివారం. ఉప్పల్ స్టేడియంలో అప్పటి మన ఐపీఎల్ జట్టు డెక్కన్ ఛార్జర్స్‌కీ బెంగళూరుకీ మ్యాచ్. మనవాళ్లు ప్లేఆఫ్స్ ఆశ ఎప్పుడో వదిలేశారు. ఆ సీజన్లో మొత్తం నాలుగే గెలుపులు. ఆఫీసు మిత్రులతో కలిసి వెళ్లాను. సీజన్ అంతా నాలో పేరుకున్న కోపం ఆ రోజు నోటివెంట వచ్చింది. మనవాడు ఒక్క బంతి వదిలేసినా అరిచాను, ఒక ఫీల్డర్ తడబడితే వాడి పేరు పెట్టి పిలిచి మరీ ఎగతాళి చేశాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతుంటే ఇంకా రెచ్చిపోయాను. మనవాళ్లు కొట్టింది 132. అవతల కోహ్లీ, గేల్ ఉన్న జట్టు. ఆ మ్యాచ్ గెలిస్తే ప్లేఆఫ్స్‌కి వెళ్తారు. సగంలోనే లేచి వెళ్లిపోదామన్నాను, మిత్రులు కూర్చోబెట్టారు.

మన బౌలర్ స్టెయిన్ నాలుగు ఓవర్లు వేసి ఎనిమిది పరుగులే ఇచ్చాడు, మూడు వికెట్లు తీశాడు. 9 పరుగులతో గెలిచాం. బెంగళూరు ఇంటికి పోయింది. స్టేడియం ఊగిపోయింది. "వచ్చే ఏడాది చూడండి మనవాళ్ల సంగతి" అని ఒకరికొకరు చెప్పుకుంటూ బస్సెక్కాం.

ఆ వచ్చే ఏడాది రాలేదురా. సెప్టెంబర్లో బోర్డు ఆ ఫ్రాంచైజీని రద్దు చేసింది. మేం చూసింది డెక్కన్ ఛార్జర్స్ ఆఖరి మ్యాచ్. 2008లో 14 మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచి, మరుసటి ఏడాదే జొహానెస్‌బర్గ్‌లో 6 పరుగుల తేడాతో కప్పు తెచ్చిన జట్టు అది. గిల్‌క్రిస్ట్ నడిపించాడు, ఆర్పీ సింగ్ 23 వికెట్లతో, ఎక్కువ వికెట్లు తీసినవాడికిచ్చే పర్పుల్ క్యాప్ తీసుకున్నాడు, కుర్ర రోహిత్ శర్మ ముంబయి మీద హ్యాట్రిక్ తీశాడు. ఆ జట్టుని ఆఖరిసారి చూసిన రోజున నేను సగం సేపు వాళ్లని ఎగతాళి చేస్తూ గడిపాను. తెలిసుంటే ప్రతి ఓవరూ నిలబడి చూసేవాణ్ణి. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

మన ఊళ్లో ఇలా ఒక్కసారి జరిగి ఆగలేదు. నీకు ఫుట్‌బాల్ మీద పెద్దగా ఇష్టం లేదు కాబట్టి గుర్తుందో లేదో. మన ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో మొదలైంది. 2022 మార్చి 20న గోవాలో, కేరళ బ్లాస్టర్స్ మీద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ ఫైనల్. మ్యాచ్ అయిపోవస్తుండగా 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనదైంది. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని చూస్తూ గట్టిగా అరిచాను, మీ అత్త కంగారుపడి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. రెండేళ్లు తిరక్కుండానే జీతాలందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2023-24లో మిగిలిన కుర్రాళ్లతో ఆడి ఒకే ఒక్క మ్యాచ్ గెలిచారు. నువ్వు వెటకారం చేసింది ఆ కుర్రాళ్లనే. చూసుకో, నీ ఫోన్‌లో ఇంకా ఉంది. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. యాభైల్లో కోచ్ రహీం సాబ్ తయారుచేసిన సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ తెచ్చింది. అలాంటి ఊరికి ఈరోజు ఐఎస్‌ఎల్‌లో జట్టే లేదు.

అందుకే చెబుతున్నా, రాయబోయే ముందు ఎవర్ని అంటున్నావో ఒక్క క్షణం చూసుకో. ఆడేవాళ్లు వేరు, నిర్ణయాలు తీసుకునేవాళ్లు వేరు. నీ కోపమంతా రెండోవాళ్ల మీద పెట్టు. 2016లో వార్నర్ మన ఇప్పటి ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్‌కి 848 పరుగులు కొట్టి, కెప్టెన్‌గా మనకి కప్పు తెచ్చాడు. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ తీసేశారు, తర్వాత జట్టులోనే చోటు లేకుండా చేశారు. ఆ ఏడాది మూడే గెలిచి అడుగున నిలిచాం. అది వెటకారం చెయ్యాల్సిన సంగతి, ఎంతైనా రాయి. కానీ తర్వాత మన కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్‌కి వచ్చిన పవన్ సెహ్రావత్‌ని 2022లో తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకి తెచ్చుకుంటే, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ అంతా దూరమయ్యాడు. దాని మీద నువ్వు "కోట్ల మంచం" అని రాశావు. కబడ్డీ ఆడేవాడికి మోకాలంటే ఏమిటో ఆలోచించు. అది తీసెయ్, నా మాట విను.

2024 ఐపీఎల్ ఫైనల్లో సన్‌రైజర్స్ 113కి ఆలౌటయ్యాక స్టాండ్స్‌లో కళ్లు తుడుచుకున్నవాళ్ల ఫొటోలతో చేసినవి కూడా తీసెయ్. ఆ రాత్రి నేనూ ఏడ్చాను, నువ్వూ ఏడ్చావు, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది.

ఇంకో మాట. విశేషణాలు తగ్గించి లెక్క పెట్టు. టైటాన్స్‌ని నువ్వు "చెత్త టీము, దండగ టీము" అంటావు. ఎవరైనా అనగలరు ఆ మాట. వరసగా మూడు సీజన్లు కలిపి 66 మ్యాచులు ఆడి ఐదు గెలిచారు అని రాస్తే చాలు, ఇంకేం కలపక్కర్లేదు. లెక్క తెలియాలంటే మ్యాచులు చూడాలి. హైలైట్స్ చూసి రాసినవి నాకు చదవగానే తెలిసిపోతాయి, నీవి మూడో నాలుగో అలాంటివే ఉన్నాయి. ఓడిపోతున్న మ్యాచ్‌ని ఆఖరి బంతి దాకా కూర్చుని చూసినవాడి మాట బరువు వేరుగా ఉంటుంది. ఆ టైటాన్సే 2025లో విజయ్ మలిక్ కెప్టెన్సీలో ప్లేఆఫ్స్ దాకా వచ్చారు. అప్పుడు నువ్వు ఒక్క ముక్క రాయలేదు. అది నాకు నచ్చలేదు.

నీతో నేను పూర్తిగా ఏకీభవించేది ఒకటుంది, మనవాళ్లు మన జట్టులో ఎందుకు లేరన్నది. బౌలర్ సిరాజ్‌ది ఈ ఊరే, 2017లో మన సన్‌రైజర్స్‌లోనే మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదే వదిలేశారు. 2025 ఏప్రిల్ 6న గుజరాత్ తరఫున ఉప్పల్‌కి వచ్చి 17 పరుగులకి నాలుగు వికెట్లు తీశాడు. చప్పట్లు కొట్టాలో తల పట్టుకోవాలో తెలియలేదు నాకు. తిలక్ వర్మ ముంబయికి ఆడుతున్నాడు. రాయుడు కప్పులన్నీ ముంబయి, చెన్నైల దగ్గరే గెలిచాడు. వేలం లెక్కలు వేరే ఉంటాయి, అందర్నీ ఉంచుకోవడం కుదరదు, ఒప్పుకుంటాను. విశాఖ కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డిని తెచ్చి నిలబెట్టారు, అదీ చెప్పాలి. కానీ జెర్సీ మీద ఊరి పేరు పెట్టుకున్నాక ఆ ఊరి వీధుల్లో ఆడే పిల్లలు ఆ జెర్సీలో తమని ఊహించుకోగలగాలి. ఈ ప్రశ్న ఎంత పదునుగా అడిగినా తప్పులేదు, ప్రతి వేలానికీ అడుగు.

గెలిచినప్పుడు మనస్ఫూర్తిగా మెచ్చుకో. సన్‌రైజర్స్ లక్నో మీద 166 పరుగుల్ని 9.4 ఓవర్లలో వికెట్ పోకుండా కొట్టిన రాత్రి నేను ఉప్పల్‌లోనే ఉన్నాను. పక్కసీటాయన ఎవరో తెలియదు, ఇద్దరం చేతులు పట్టుకుని నిలబడిపోయాం. 2008లోనూ, 2021లోనూ చూశాను కాబట్టే ఆ రాత్రి నాకు అంత పెద్దదిగా అనిపించింది. నువ్వు కూడా ఆ చెడ్డ సీజన్లు పూర్తిగా చూడు. మధ్యలో టీవీ కట్టేసి వెటకారానికి కూర్చోకు.

వచ్చే సీజన్‌కి రెండు టికెట్లు నేను తీస్తాను. సెలవు పెట్టుకుని రా. పార్కింగ్ టెన్షన్ లేకుండా మెట్రోలో వెళ్దాం, స్టేడియం స్టేషన్‌లో దిగితే దగ్గరే. మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా కూర్చోవాలి, స్కోరు ఎంతైనా సరే. మీ అత్త పులిహోర కట్టిస్తానంటోంది, లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి దారిలోనే తినేద్దాం. పవన్ మీద రాసింది మాత్రం అప్పటిలోగా తీసెయ్.

మీ మామయ్య